బీకాంలో ఆదాయపు పన్ను పేపర్: ఎక్కడ మొదలుపెట్టాలి? పాత చట్టమా, కొత్త చట్టమా?

తెనాలి_బీకాం

అందరికీ నమస్కారం. నేను బీకాం రెండో సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఈ సెమిస్టర్‌లో ఆదాయపు పన్ను పేపర్ ఉంది. మొదటి ఇంటర్నల్‌లో 20కి 7 వచ్చాయి. అకౌంట్స్‌లో ఎప్పుడూ క్లాసులో ముందుండేవాణ్ని, ఇది మాత్రం బుర్రకెక్కడం లేదు.

మా క్లాసులో సెక్షన్ నంబర్లు చెబుతూ పోతారు, మేం రాసుకుంటూ పోతాం. 10(13ఏ), 16(ఐఏ), 24(బి), 80సి... నోట్సు నలభై పేజీలు దాటింది. ఏ నంబరు దేనికో పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టాను, పొద్దున్నకి కలగాపులగం అయిపోయింది. దీనికి తోడు కొత్త చట్టం వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి అని సీనియర్ చెప్పేసరికి టెన్షన్ ఇంకా పెరిగింది.

ఏ చట్టం చదవాలి? సెక్షన్లు బట్టీ పట్టక తప్పదా? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారు? దయచేసి చెప్పండి.

ఆర్టికల్స్‌లో_ఉన్నా

తమ్ముడూ, చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న విషయమే. 1961 చట్టం 1962 ఏప్రిల్ 1 నుంచి ఇన్నేళ్లూ నడిచింది. 2025 చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2025 ఆగస్టు 21న వచ్చింది, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. అంటే 2025-26లో సంపాదించిన ఆదాయానికి పాత చట్టమే. 2026-27 ఆదాయానికి కొత్తది.

మీ సిలబస్ కాగితం తీసి చూడు. "మదింపు సంవత్సరం 2026-27" అని ఉంటే పాత చట్టం ప్రకారం రాయాలి. "పన్ను సంవత్సరం 2026-27" అని ఉంటే కొత్తది. మాట ఒక్కటే తేడా, కానీ చట్టమే మారిపోతుంది. కాగితంలో స్పష్టంగా లేకపోతే మీ లెక్చరర్‌ని అడిగి ఖరారు చేసుకో. సీనియర్ల మాట మీద వెళ్లొద్దు, వాళ్లు రాసిన ఏడాది వేరు.

తెనాలి_బీకాం

థాంక్స్ అన్నా. చూశాను. మదింపు సంవత్సరం 2026-27 అనే ఉంది. కానీ అసలు "గత సంవత్సరం", "మదింపు సంవత్సరం" అని రెండెందుకు? నాకు మొదటి రోజు నుంచీ అదే తికమక.

ఆర్టికల్స్‌లో_ఉన్నా

పంట ఒక ఏడాది పండుతుంది, శిస్తు లెక్క తర్వాతి ఏడాది చూస్తారు అనుకో. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా సంపాదించావు, అది గత సంవత్సరం. ఆ సంపాదన ఎంత, పన్నెంత అని తేల్చేది 2026 ఏప్రిల్ తర్వాత, అది మదింపు సంవత్సరం. "గత" అన్న మాటని మదింపు సంవత్సరం వైపు నుంచి చూడాలి. ఈ తికమక నీ ఒక్కడిదే కాదు, దేశమంతా ఉన్నదే. అందుకే కొత్త చట్టంలో రెండూ తీసేసి పన్ను సంవత్సరం అని ఒకటే పెట్టారు.

డిగ్రీ_అయిపోయింది

బ్రదర్, నా అనుభవం చెబుతాను. చివరి ఐదేళ్ల ప్రశ్నపత్రాలు ముందేసుకో. జీతం మీద ఒక లెక్క, ఇంటి ఆస్తి మీద ఒక లెక్క, నివాస స్థితి మీద ఒక లెక్క, మొత్తం ఆదాయం మీద ఒకటి. తిప్పి తిప్పి అవే వస్తాయి. ఒక్కో రకం పదేసి లెక్కలు చెయ్. సెక్షన్ నంబరు రాయకపోయినా స్టెప్పులకి మార్కులు పడతాయి. నేను అలాగే ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాను. చట్టం, తీర్పులు అంటూ కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది.

లా_నాలుగో_ఏడు

పాసవడానికి అది చాలు, కాదనను. కానీ లెక్కలో ఒక్క మాట మారిస్తే అలా చదివినవాళ్లు ఆగిపోతారు. మా ఐదేళ్ల కోర్సులో ట్యాక్స్ లా పేపర్ వచ్చినప్పుడు నేనూ మొదట గైడే చదివాను. "అద్దె ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉంది" అని ఒక ముక్క చేర్చేసరికి పెన్ను కదల్లేదు. తర్వాత సెక్షన్ 23 ఇంగ్లీషు వాక్యం తెచ్చుకుని ముక్కలు ముక్కలుగా విరిచి చదివాను. జవాబు అందులోనే ఉంది. గైడు రాసినాయన ఆ ముక్క వదిలేశాడు.

కామర్స్_మాస్టారు

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో ఈ పేపరు చెప్పి రిటైరయ్యాను. తెనాలి అబ్బాయీ, నీ 7 మార్కుల గురించి దిగులు పడకు. నలభై పేజీల నంబర్లతో మొదలుపెడితే ఎవరికైనా అంతే.

నేను మొదటి వారం సెక్షన్లు చెప్పేవాణ్ని కాదు. ఒక రూపాయి బల్ల మీద పెట్టి మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని. ఈ రూపాయి ఎవరిది? ఎందులోంచి వచ్చింది? ఏ ఏడాదిది? ఈ మూడూ తేలాకే పన్ను రేటు జోలికి వెళ్లాలి. ఎవరిది అన్నదాంట్లో నివాస స్థితి, హిందూ ఉమ్మడి కుటుంబం, భర్త ఆదాయంలో భార్య ఆదాయం కలపడం, ఇవన్నీ వస్తాయి. ఎందులోంచి అన్నదాంట్లో అయిదు శీర్షికలు వస్తాయి: జీతం, ఇంటి ఆస్తి, వ్యాపారం లేదా వృత్తి, మూలధన లాభాలు, ఇతర ఆధారాలు. ఈ అయిదింటిలో దేనికీ చెందని రూపాయి లేదు. మొదటి నాలుగింటిలో ఇమడనిది అయిదోదాంట్లో పడుతుంది.

సెక్షన్ నంబరంటే ఇంటి నంబరు లాంటిది. ఇంట్లో ఎవరున్నారో తెలిస్తే నంబరు రెండుసార్లు చూడగానే గుర్తుంటుంది.

తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా దెబ్బతినే చోటు ఒకటి చెబుతాను. ఎగ్జెంప్షన్‌కీ డిడక్షన్‌కీ రెండింటికీ నోట్సుల్లో "మినహాయింపు" అనే రాసేస్తారు. అక్కడే సగం నష్టం జరిగిపోతుంది. ఎగ్జెంప్షన్ అంటే ఆ డబ్బు లెక్కలోకి రానే రాదు, గుమ్మం బయటే ఆగిపోతుంది. దాన్ని మినహాయింపు అను. డిడక్షన్ అంటే లోపలికి వచ్చాక అందులోంచి కొంత తీసేయడం. దాన్ని తగ్గింపు అను. రిబేట్ ఈ రెండూ కాదు. ఆదాయంలోంచి తీసేది కాదది, కట్టాల్సిన పన్నులోంచి తీసేది. నోట్సు తెరిచి ఈ మూడు మాటలూ మూడు రంగుల్లో దిద్దుకో. ఒక్క రాత్రి పని.

మీ నాన్నగారు ఏం చేస్తారు?

తెనాలి_బీకాం

సార్, నమస్కారం. నాన్న మున్సిపల్ స్కూల్లో టీచర్.

కామర్స్_మాస్టారు

అయితే నీ మొదటి పాఠ్యపుస్తకం మీ ఇంట్లోనే ఉంది. ఆయన ఫారం 16 అడుగు, జీతం ఎంతో కోసిన పన్ను ఎంతో రాసి ఆఫీసువాళ్లు ఇచ్చే కాగితం అది. అందులో రెండు భాగాలుంటాయి. "ఏ" అనే భాగంలో ఎంత పన్ను కోసి ప్రభుత్వానికి జమ చేశారో ఉంటుంది. "బి" అనే భాగంలో జీతం లెక్క ఉంటుంది. బి భాగం పై నుంచి కింది దాకా ఒక్కో వరస చదువు. నీ పరీక్షలో జీతం లెక్క ఏ వరసలో రాయాలో సరిగ్గా అదే వరస. అర్థం కాని వరస ఇక్కడ రాయి.

తెనాలి_బీకాం

సార్, చూశాను. నాన్న పక్కనే కూర్చుని చూపించారు. అంకెలు కొంచెం మార్చి రాస్తున్నాను.

స్థూల జీతం 9,40,000. సెక్షన్ 16 కింద స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీశారు. మిగిలింది 8,65,000. దాని మీద పన్ను 26,500, మళ్లీ రిబేట్ 26,500, చివరికి సున్నా.

నాకు రెండు సందేహాలు. మా నోట్సులో స్టాండర్డ్ డిడక్షన్ 50,000 అని ఉంది, ఇక్కడ 75,000 ఎందుకు? ఇంకోటి, నాన్న జీతంలో నెలకి 200 వృత్తి పన్ను కోస్తారు, ఏడాదికి 2,400. సెక్షన్ 16లో వృత్తి పన్ను కూడా తీసేయాలని రాసుకున్నాం. ఇక్కడ తీయలేదు. ఎల్ఐసీ, పీఎఫ్ కూడా తీయలేదు. ఆఫీసువాళ్లు తప్పు చేశారా?

ఆర్టికల్స్‌లో_ఉన్నా

తప్పు కాదు తమ్ముడూ. నీ రెండు సందేహాలకీ జవాబు ఒకటే. మీ నాన్నగారిది కొత్త పద్ధతి, సెక్షన్ 115బీఏసీ. మీ నోట్సులో ఉన్నది పాత పద్ధతి. కొత్త పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000. కానీ వృత్తి పన్ను, 80సి (నువ్వన్న ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి వాటి తగ్గింపు), ఇంటి అద్దె అలవెన్సు మినహాయింపు ఇవేవీ ఉండవు. బదులుగా రేట్లు తక్కువ. మీరేమీ కోరుకోకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది, పాతది కావాలంటే ఎంచుకోవాలి.

పరీక్షలో ప్రశ్న చదవగానే ఏ పద్ధతో పైన రాసుకుని మొదలుపెట్టు. రెండు పద్ధతుల్ని కలిపేసి ఒకే లెక్కలో 75,000, 80సి రెండూ తీసేసిన పేపర్లు చాలా చూశాను. ఇంకో గందరగోళం: పాత పద్ధతి వేరు, పాత చట్టం వేరు. రెండు పద్ధతులూ 1961 చట్టంలోనే ఉన్నాయి, 2025 చట్టంలోనూ ఉన్నాయి.

తెనాలి_బీకాం

అయ్యో, పాత పద్ధతి అంటే పాత చట్టం అనే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. మా బెంచీలో అందరిదీ అదే లెక్క.

మరి 12 లక్షల దాకా పన్ను లేదంటారు కదా, 26,500 పన్ను వేసి మళ్లీ తీయడం ఎందుకు?

కామర్స్_మాస్టారు

రిబేట్ అంటే ఏమిటో నీ ఇంటి కాగితంలోనే కనిపించింది చూశావా. కొత్త పద్ధతి శ్లాబుల ప్రకారం పన్ను 4 లక్షలు దాటినప్పటి నుంచే మొదలవుతుంది. 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం. 12 లక్షలకి పన్ను 20,000, 40,000 కలిపి 60,000. సెక్షన్ 87ఏ ఆ 60,000ని మాఫీ చేస్తుంది. ఆదాయం 13 లక్షలైతే మాఫీ లేదు, 60,000కి పై లక్ష మీద 15 శాతం కలిపి 75,000 కట్టాలి.

మరి 12,10,000 వస్తే? శ్లాబు ప్రకారం 61,500. పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలు కట్టమంటే అన్యాయం కదా. అందుకని పన్నుని ఆ పదివేలకే పరిమితం చేస్తారు, మార్జినల్ రిలీఫ్ అంటారు. వీటన్నిటి మీదా 4 శాతం సెస్సు వేరే. 13 లక్షల దగ్గర రిలీఫ్ ఎందుకు రాదో నువ్వే చెప్పు.

తెనాలి_బీకాం

పైన ఉన్నది లక్ష. పన్ను 75,000. లక్షకన్నా తక్కువే కాబట్టి రిలీఫ్ అక్కర్లేదు. సరేనా సార్?

కామర్స్_మాస్టారు

సరే. నీకు బుర్రకెక్కడం లేదని ఎవరన్నారు?

భీమవరం_చెరువు

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నేనూ బీకామే, మూడో సంవత్సరం. వ్యవసాయ ఆదాయం మీద ప్రశ్న. మా నాన్నకి నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. మా వైపు అందరూ "రొయ్యల సాగు" అనే అంటారు, మమ్మల్ని రైతులనే అంటారు. క్లాసులో మాత్రం చేపల చెరువు ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదని ఒక్క ముక్కలో చెప్పి పక్క పేజీకి వెళ్లిపోయారు. ఎందుకు కాదు? నేల మాదే, కష్టం మాదే, నష్టం వస్తే మునిగేదీ మేమే.

లా_నాలుగో_ఏడు

మంచి ప్రశ్న. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు, వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను ఎందుకు వేయదు? దయతో కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఆదాయం మీద పన్ను కేంద్ర జాబితా 82వ అంశం, "వ్యవసాయ ఆదాయం తప్ప" అని అక్కడే రాసుంది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్ర జాబితా 46వ అంశం. అందుకే ఏది వ్యవసాయం అన్నది అంత పట్టుదలగా తేల్చాల్సి వస్తుంది. కేంద్రం అధికారానికి హద్దు అదే మరి.

1957లో రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. నేల దున్నడం, విత్తనం వేయడం, నాటడం, ఇలా నేల మీదే మనిషి చేసే మూల పనులుండాలి. కలుపు తీయడం, కాపలా, కోత వంటివి వాటి తర్వాతి పనులు. మూల పనులు లేకుండా తర్వాతి పనులు మాత్రమే చేస్తే అది వ్యవసాయం కాదు. నేల ఫలసాయం కావాలి. రొయ్య నేలలోంచి మొలవదు, నీళ్లలో పెరిగే ప్రాణి. దున్నడం, నాటడం లేవు. కోళ్ల ఫారం, పాల డెయిరీ కూడా ఇందుకే బయట ఉన్నాయి. మీ నాన్నగారి కష్టాన్ని తక్కువ చేసినట్టు కాదు, చట్టం చూసేది కష్టాన్ని కాదు, నేలతో ఉన్న సంబంధాన్ని.

ఇప్పుడు మన చుట్టూ చూడండి, ప్రతి ఊళ్లో ఒక లెక్క దొరుకుతుంది.

గుంటూరు వైపు రైతు మిరపకాయలు కోసి కళ్లంలో ఎండబెట్టి అమ్మితే వ్యవసాయ ఆదాయమే. సరుకుని అమ్మకానికి తగ్గట్టు చేసుకోవడానికి రైతు మామూలుగా చేసే పని అది, వ్యవసాయ ఆదాయం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(1ఏ) దాన్ని ఒప్పుకుంటుంది. అదే రైతు మరపట్టి కారం చేసి ప్యాకెట్లలో అమ్మితే? ఎండుమిర్చికి అప్పటికే బజారు ఉంది కదా, కారం పట్టడం దాన్ని దాటిన పని. అప్పుడు ఆదాయాన్ని రెండుగా విడగొడతారు. ఎండుమిర్చికి ఉన్న బజారు ధర దాకా వ్యవసాయం, ఆ పైది వ్యాపారం. 1962 రూల్స్‌లో రూల్ 7 ఇదే. యార్డులో కమీషన్ వ్యాపారికి వచ్చేది పూర్తిగా వ్యాపారం.

ప్రకాశం జిల్లా పొగాకు చూడండి. పచ్చి ఆకుని కొనేవాడు లేడు. బ్యారన్‌లో క్యూరింగ్ చేస్తేనే, అంటే వేడి గదిలో ఆరబెడితేనే సరుకు. కాబట్టి క్యూరింగ్ చేసినా వ్యవసాయమే. కారానికీ పొగాకుకీ తేడా ఎక్కడుందో ఆలోచించండి: పచ్చి సరుకుకి బజారు ఉందా లేదా అన్నదే.

నూజివీడు వైపు మామిడి తోట కాపుని గుత్తకిస్తారు. తోట యజమానికి వచ్చేది వ్యవసాయ ఆదాయం. చెట్టు మీద కాయ కొనుక్కుని కోయించి అమ్ముకున్న వ్యాపారికి వచ్చే లాభం కాదు. ఆయన ఆ నేలలో ఏమీ పండించలేదు. పొలం కౌలుకిచ్చినవారికి వచ్చే కౌలు డబ్బు వ్యవసాయ ఆదాయమే, దున్నింది వాళ్లు కాకపోయినా. చట్టంలో ఆ మాట విడిగా ఉంది.

అడవిలో తనంతట తాను పెరిగిన చెట్టు, ఆకు? ఎవరూ నాటలేదు, వ్యవసాయం కాదు. తునికాకు ఈ లెక్కనే చూడాలి.

కడియం నర్సరీలు? ఇక్కడ చాలాకాలం వాదన నడిచేది, కుండీలో మొక్కకి నేల మీద మూల పని జరిగిందా అని. 2008 ఫైనాన్స్ చట్టంతో ఒక వివరణ చేర్చి నర్సరీలో పెంచిన నారు, మొక్కల ఆదాయం వ్యవసాయ ఆదాయమే అనుకోవాలి అని తేల్చేశారు. చట్టం "అనుకోవాలి" అన్న చోట తర్కం వెతకొద్దు, ఆ మాటకి తలవంచాలి.

భీమవరం_చెరువు

ఒక గంట కూర్చుని చదివాను. క్లాసులో ఒక్క వాక్యంలో పోయింది ఇంత ఉందా! మరి మా మేనమామకి వరి ఉంది, పట్నంలో షాపు కూడా ఉంది. వరి మీద పన్ను లేకపోయినా షాపు పన్ను పెరుగుతుందని ఆడిటర్ చెప్పారట. అదెలా?

ఆర్టికల్స్‌లో_ఉన్నా

ఇది పరీక్షలో తప్పకుండా అడిగేది. ఒక లెక్క చూపిస్తాను, పాత పద్ధతిలో. షాపు ఆదాయం 6,00,000. వరి 2,00,000.

రెండూ కలిపి 8,00,000 మీద పన్ను వేయి: 2.5 నుంచి 5 లక్షల దాకా 5 శాతం 12,500, మిగతా 3 లక్షల మీద 20 శాతం 60,000, మొత్తం 72,500. ఇప్పుడు వరి 2,00,000కి ప్రాథమిక పరిమితి (పన్ను పడని మొదటి మొత్తం) 2,50,000 కలిపి 4,50,000 మీద పన్ను వేయి: 10,000. మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్: 62,500. సెస్సుతో 65,000.

వరి లేకపోతే షాపు 6 లక్షల మీద పన్ను 32,500 మాత్రమే. వరి మీద రూపాయి పన్ను వేయలేదు, కానీ వరి ఉండటం వల్ల షాపు ఆదాయం పై శ్లాబులోకి జరిగింది. వ్యవసాయ ఆదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం ప్రాథమిక పరిమితి దాటితేనే ఈ కలిపే లెక్క. రెండింటిలో ఒకటి లేకపోయినా కలపకూడదు. ఈ షరతు రాయకుండా లెక్క మొదలుపెట్టినవారికి మార్కులు పోతాయి.

జగిత్యాల_అక్క

నేను బీకాం కంప్యూటర్స్ చేసి ఇప్పుడు ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర పని చేస్తున్నాను. నివాస స్థితి చాప్టర్ ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. మా వైపు ప్రతి వాడకట్టులో దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్లున్నారు, మాకు ఇది పుస్తకంలో చాప్టర్ కాదు.

మా బాబాయి మొదటిసారి దుబాయిలో ఉద్యోగానికి 2025 సెప్టెంబరు 20న విమానం ఎక్కాడు, ఆ ఏడాది మళ్లీ రాలేదు. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్టు 31, సెప్టెంబరులో 20. మొత్తం 173 రోజులు. ఇక్కడి రెసిడెంట్‌గా లెక్కకి రావడానికి కావాల్సిన 182 నిండలేదు. మామూలుగా అయితే ఆ ఏడాది 60 రోజులు, ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడున్నా రెసిడెంటే అనే రెండో షరతుంది, బాబాయి పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాడు కాబట్టి దాంట్లో చిక్కుకునేవాడు. కానీ ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరుడికి ఆ 60 స్థానంలో 182 చదవాలి. కాబట్టి ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్. దుబాయి జీతం అక్కడే వచ్చింది, ఇక్కడ పన్ను లేదు. జగిత్యాలలో అద్దెకిచ్చిన ఇంటి మీద మాత్రం ఉంటుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి వేరే రూల్స్ ఉన్నాయి, బాబాయికి ఆ బాధ లేదు.

తమ్ముళ్లూ, రోజులు లెక్కపెట్టేటప్పుడు వేళ్లు వాడండి, క్యాలెండర్ వాడండి, కానీ పేపర్ మీద నెలల వారీగా రాయండి. వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ ఇక్కడున్నట్టే లెక్క.

డిగ్రీ_అయిపోయింది

నా మొదటి పోస్టు గురించి ఒక మాట. లెక్కలు చేయమని చెప్పింది ఇప్పటికీ నిజమే అనుకుంటున్నా. కానీ చట్టం చదవొద్దన్నది వెనక్కి తీసుకుంటున్నా. కారం, పొగాకు చదివాక, నేను పదిసార్లు చేసిన రూల్ 7 లెక్క అసలు ఎందుకుందో ఇవాళే తెలిసింది.

లా_నాలుగో_ఏడు

మీరన్నదీ నిజమే, లెక్క చేయకుండా సెక్షన్ ఒంటబట్టదు. నేను రెండూ కలిపి చేస్తాను. సెక్షన్‌లో ఒక క్లాజు చదివి దాని మీద ఒక లెక్క నేనే తయారుచేసుకుంటాను.

తీర్పులు కూడా మన ఊరివి పట్టుకుంటే గుర్తుంటాయి. హైదరాబాద్‌కి చెందిన వజీర్ సుల్తాన్ అండ్ సన్స్ కేసు, సుప్రీంకోర్టు, 1959. చార్మినార్ సిగరెట్ల ఏజెన్సీ వాళ్లది. హైదరాబాద్ రాష్ట్రం బయటి ప్రాంతం ఏజెన్సీని కంపెనీ వెనక్కి తీసుకుని పరిహారం ఇచ్చింది. ఆ పరిహారం ఆదాయమా, మూలధనమా? సంపాదించి పెట్టే ఆస్తే పోయింది, దానికి బదులు వచ్చిన డబ్బు మూలధనం అని మెజారిటీ తీర్పు. ఇంకోటి పైగా ఎస్టేటు కేసు, 1976. హైదరాబాద్ బేగంపేట ప్యాలెస్‌కి చెందిన వందెకరాలకు పైగా నేల వ్యవసాయ భూమా కాదా అని. అది సంపద పన్ను కేసు, కానీ సూత్రం ఇక్కడా పనికొస్తుంది: సాగుకి పనికొచ్చే నేల అయినంత మాత్రాన వ్యవసాయ భూమి కాదు, సాగుతో దానికి నిజంగా సంబంధం ఉండాలి అని సుప్రీంకోర్టు చెప్పింది.

అమరావతి కూడా చట్టంలో ఉంది, తెలుసా? 1961 చట్టం సెక్షన్ 10(37ఏ). 2014 జూన్ 2 నాటికి భూమి తమ పేరున ఉండి, రాజధాని భూసమీకరణకి ఇచ్చిన వ్యక్తులకీ ఉమ్మడి కుటుంబాలకీ ఆ బదిలీ మీద మూలధన లాభం పన్ను మినహాయింపు. తెనాలి నుంచి అమరావతి ఎంత దూరం? మూలధన లాభాల చాప్టర్ అక్కణ్నించి మొదలుపెట్టు.

తెనాలి_బీకాం

అన్నా, మా పెదనాన్నది తుళ్లూరు. వాళ్లు పొలం ఇచ్చారు. ఇది వాళ్లకి సంబంధించిన సెక్షన్ అని ఇవాళే తెలిసింది. ఆదివారం వెళ్లి అడుగుతాను.

ఈ నాలుగు రోజుల్లో ఇంటి ఆస్తి చాప్టర్ నేనే చదివాను. మా మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చాం కదా అని దాని మీదే లెక్క కట్టాను. తప్పులుంటే చెప్పండి.

మున్సిపల్ విలువ 96,000. చుట్టుపక్కల అద్దెల ప్రకారం 1,32,000. స్టాండర్డ్ రెంట్ (అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఉండే గరిష్ఠ అద్దె) 1,20,000 అనుకున్నాను, అది నేను కల్పించిందే. మాకు వచ్చే అద్దె నెలకి 12,000, ఏడాదికి 1,44,000.

మొదటి రెండింటిలో ఎక్కువ 1,32,000. కానీ స్టాండర్డ్ రెంట్‌ని దాటకూడదు కాబట్టి 1,20,000. వచ్చిన అద్దె దానికన్నా ఎక్కువ, కాబట్టి స్థూల వార్షిక విలువ 1,44,000. ఇంటి పన్ను 9,000 తీస్తే 1,35,000. అందులో 30 శాతం 40,500. మేడ మీద సున్నాలు వేయించడానికి, రిపేర్లకి మొన్న 80,000 అయింది, అది కూడా తీశాను. మిగిలింది 14,500. అప్పు వడ్డీ 50,000 తీస్తే 35,500 నష్టం.

కామర్స్_మాస్టారు

స్థూల వార్షిక విలువ దాకా ఒక్క తప్పు లేదు. చాలామంది స్టాండర్డ్ రెంట్ దగ్గరే బోల్తా పడతారు, నువ్వు పడలేదు.

కింద రెండు చూసుకో. రిపేర్లకి 80,000 తీయకూడదు. ఆ 30 శాతం ఇచ్చిందే రిపేర్లు, అద్దె వసూలు ఖర్చులు అన్నింటికీ కలిపి. నువ్వు రూపాయి ఖర్చు పెట్టకపోయినా 30 శాతం వస్తుంది, లక్ష పెట్టినా 30 శాతమే.

ఇంటి పన్ను 9,000 అన్నావు. అది డిమాండ్ నోటీసులో ఉన్న మొత్తమా, కట్టినదా? యజమాని ఆ ఏడాది నిజంగా కట్టిందే తీయాలి. రసీదు చూసి చెప్పు.

తెనాలి_బీకాం

ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాను సార్. 9,000 నోటీసులో ఉంది. మార్చి లోపల కట్టింది 6,000, మిగతా 3,000 మేలో కట్టారు.

1,44,000లోంచి 6,000 పోతే 1,38,000. 30 శాతం 41,400. మిగిలింది 96,600. వడ్డీ 50,000 తీస్తే 46,600 ఆదాయం. నష్టం కాదు.

కామర్స్_మాస్టారు

ఇప్పుడు సరిపోయింది. ఆ మేలో కట్టిన 3,000ని ఏం చేస్తావు?

తెనాలి_బీకాం

కట్టిన ఏడాదిలో తీసుకోవాలి కాబట్టి 2026-27లో. అంటే ఆ 3,000 కొత్త చట్టం లెక్కలోకి వెళ్తుంది.